డబ్బాలో బాదం ఎంత, నీళ్లు ఎంత

విజయవాడ బందరు రోడ్డు మీది సూపర్ మార్కెట్లలోనూ, గుంటూరు లక్ష్మీపురం, బ్రాడీపేట కొట్లలోనూ ఇప్పుడు బాదం, సోయా, ఓట్స్, కొబ్బరి పాల డబ్బాలు ఒక అర నిండా కనిపిస్తున్నాయి. కొనేవాళ్ల కారణాలు రకరకాలు. ఒకరికి పాలు తాగితే కడుపు ఉబ్బరం. ఒకరి పిల్లాడికి పాల ప్రోటీన్ పడదని డాక్టరు చెప్పారు. ఇంకొకరు పశువుల పాలు మానేద్దామనుకున్నారు. అందరికీ వచ్చే అనుమానం మాత్రం ఒకటే. డబ్బా వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో ఐఎన్ఎస్ 418, 412, 340 అంటూ నంబర్లు. ఇవి ఏమిటి, రోజూ తాగితే ఏమన్నా అవుతుందా?

అనుమానం న్యాయమైనదే. ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే అదనపు పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు. కానీ ఆ నంబర్లన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల కొనేవాళ్లు నష్టపోతున్నారు. పాలు విడిపోకుండా కలిపే, భయపడనక్కర్లేని జిగురుకు భయపడతారు. దాని పక్కనే ఉన్న పంచదారను, పాల పలచదనాన్ని గమనించరు. మొక్కల పాల లేబుల్ మీద మొదట చూడాల్సింది అసలు గింజ ఎంత శాతం ఉందన్నది. మిగతా జాబితా చాలావరకు ఆ శాతాన్ని బట్టే పెరుగుతుంది, తగ్గుతుంది.

మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. డబ్బా మీద బాదం పేరో బొమ్మో ప్రత్యేకంగా చూపిస్తే, లోపల బాదం ఎంత శాతమో కూడా రాయాలి. ఈ రెండో నిబంధన కొనేవాళ్ల చేతిలో మంచి ఆయుధం. లేబుల్‌లో మొదటి పదం ఎలాగూ నీళ్లే. ఆ తర్వాత బాదం 2 శాతం అని ఉంటే, లీటరు డబ్బాలో 20 గ్రాముల బాదం ఉన్నట్టు. ఒక్కో గింజ గ్రాము పైచిలుకు తూగుతుంది కాబట్టి, లీటరు మొత్తానికి పదిహేను, ఇరవై గింజలు. అంటే ఒక గ్లాసుకు మూడు నాలుగు బాదం పప్పులు. కిలో బాదం 900 రూపాయలు అనుకుంటే, ఆ లీటరు డబ్బాలో ఉన్న బాదం ఖరీదు 18 రూపాయలు. డబ్బా ధర పక్కన పెట్టి చూస్తే చాలు, దేనికి డబ్బు కడుతున్నామో తెలుస్తుంది.

ప్రోటీన్ లెక్క కూడా ఇలాగే తేలుతుంది. 100 గ్రాముల బాదంలో సుమారు 21 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 20 గ్రాముల బాదంతో లీటరుకు వచ్చేది 4 గ్రాములే. ఆవు పాలు లీటరుకు 32 గ్రాముల దాకా ఇస్తాయి, గేదె పాలు ఇంకాస్త ఎక్కువే. రోజూ గేదె పాలు తాగే ఇంట్లో పిల్లలకు ఒక్కసారిగా 2 శాతం బాదం పాలు పెడితే, వాళ్ల ప్రోటీన్‌లో పెద్ద కోత పడినట్టే. అదే డబ్బాలో బాదం 6 శాతం ఉంటే ఈ లెక్క మూడింతలవుతుంది. అయినా ఆవు పాలలో సగానికి కూడా రాదు. మొక్కల పాలలో ఆవు పాలకు దగ్గరగా వచ్చేది సోయా. మంచి సోయా పాలలో 100 మిల్లీలీటర్లకు 3 గ్రాముల వరకు ప్రోటీన్ ఉంటుంది.

ఇక జిగురు సంగతి. ఇది అర్థం కావాలంటే ఇంట్లో నానబెట్టిన బాదం తొక్క తీసి, నీళ్లు పోసి మిక్సీలో మెత్తగా వేసి, పలచటి గుడ్డలో వడకట్టి గ్లాసులో పోసి పక్కన పెట్టి చూడాలి. కాసేపటికి పైన చిక్కగా ఒక పొర కడుతుంది, అడుగున సన్నని పిండి పేరుకుంటుంది, మధ్యలో పలచటి నీళ్లు మిగులుతాయి. పాలు పాడైనట్టు కాదు. బాదంలోని నూనె నీటి కంటే తేలిక కాబట్టి పైకి వస్తుంది, పిండి బరువు కాబట్టి కిందికి దిగుతుంది. స్పూనుతో కలిపితే మళ్లీ మామూలైపోతుంది. ఇంట్లో ఇది సమస్య కాదు. కంపెనీకి మాత్రం పెద్ద సమస్య. వాళ్ల డబ్బా లారీలో ప్రయాణం చేసి, గోదాములో ఉండి, కొట్టులో నెలల తరబడి కూర్చోవాలి. మూత తీయగానే తేట నీళ్లు పడితే కొన్నవాళ్లు మళ్లీ ఆ వైపు చూడరు. అందుకే అధిక ఒత్తిడితో నూనె బిందువులను చిన్నవి చేస్తారు, వాటితో పాటు జిగురు పదార్థాలు కలుపుతారు.

గింజ తక్కువగా ఉన్న పాలలో జిగురుకు ఇంకో పని కూడా ఉంటుంది. నాలుక మీద చిక్కదనం తెప్పించడం. మూడు నాలుగు గింజల గ్లాసుడు నీళ్లను చిక్కటి పాలలా అనిపించేట్టు చేయాలంటే ఏదో ఒకటి కలపక తప్పదు. సోయాలో ప్రోటీన్ ఎక్కువ, నూనెను నీటితో కలిపి ఉంచే లెసిథిన్ సహజంగానే ఉంటుంది కాబట్టి నూనె, నీరు కలిసే ఉంటాయి. అందుకే నీళ్లు, సోయా గింజలు తప్ప మూడో పదార్థం లేని సోయా పాల డబ్బాలు దొరకడం సాధ్యమైంది. బాదంలో అలాంటివి అరుదు.

ఎక్కువగా కనిపించే జిగురు నంబర్లలో 412 అంటే గ్వార్ గమ్. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు తెలిసిందే. గోరుచిక్కుడు గింజల లోపలి భాగాన్ని పొడి చేస్తే వచ్చేది ఇదే. రాజస్థాన్ ఎడారి నేలల్లో ఈ పంట విరివిగా పండుతుంది, ప్రపంచానికి గ్వార్ గమ్ ఎక్కువగా మన దేశం నుంచే వెళ్తుంది. 410 లోకస్ట్ బీన్ గమ్, మధ్యధరా ప్రాంతంలో పెరిగే కరోబ్ చెట్టు గింజల నుంచి తీస్తారు. 415 శాంథన్ గమ్, 418 జెల్లాన్ గమ్. ఈ రెండూ బాక్టీరియాతో చక్కెరలను పులియబెట్టి తయారుచేసేవి. ఇవన్నీ నీటిలో కరిగే పీచు పదార్థాలే. జెల్లాన్ అయితే చిటికెడు కంటే తక్కువే లీటరు పాలలో కాల్షియం పొడి అడుగుకు దిగకుండా పట్టి ఉంచుతుంది. డబ్బాలో వాడే పాళ్లలో వీటివల్ల ఆరోగ్యవంతులకు హాని ఉందని చెప్పడానికి ఆధారం కనిపించదు. పేగులు సున్నితంగా ఉన్నవాళ్లకు, ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం తెచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్లకు గ్యాస్, ఉబ్బరం రావచ్చు. పాలు పడక మొక్కల పాలకు మారినా ఉబ్బరం తగ్గలేదంటే, అప్పుడు జిగురును అనుమానించి, అది లేని డబ్బాతో కొన్నాళ్లు చూడటం తెలివైన పని.

అసలు వివాదం 407 దగ్గర ఉంది. ఇది క్యారగీనన్, ఎర్రటి సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. దీని మీద ప్రచారంలో ఉన్న భయానికి మూలం రెండు వేరు వేరు పదార్థాలను ఒకటిగా చూడటం. క్యారగీనన్‌ను గాఢమైన ఆమ్లంలో వేడి చేసి ముక్కలు చేస్తే పోలిజీనన్ అనే పదార్థం వస్తుంది. అది జంతువుల పేగుల్లో పుండ్లు, గడ్డలు తెప్పించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ ముక్కలైన రకాన్నే క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో పెట్టింది, ఆహారంలో వాడే క్యారగీనన్‌ను కాదు. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2018లో దీన్ని మళ్లీ పరిశీలించి, రోజుకు కిలో శరీర బరువుకు 75 మిల్లీగ్రాముల వరకు తాత్కాలిక పరిమితి పెట్టింది. 60 కిలోల మనిషికి అది నాలుగున్నర గ్రాములు. పాలలో ఇది సాధారణంగా వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు కాబట్టి, గ్లాసు పాలలో వచ్చేది ఆ పరిమితికి చాలా దూరం. అయినా ఆ పరిమితికి తాత్కాలికం అని పేరు పెట్టారంటే ఇంకా సమాచారం కావాలన్నారని అర్థం. అమెరికాలో సేంద్రియ ఆహారాల సలహా మండలి 2016లో దీన్ని జాబితా నుంచి తీసేయమంది. అక్కడి వ్యవసాయ శాఖ 2018లో ఉంచాలనే నిర్ణయించింది. ఈలోపు చాలా కంపెనీలు జనం భయం చూసి జెల్లాన్‌కు మారిపోయాయి. పేగు పూత, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు) లాంటి జబ్బులు ఉన్నవాళ్లు 407 లేని డబ్బా ఎంచుకోవడం మేలు. ప్రత్యామ్నాయాలు పక్క అరలోనే ఉన్నప్పుడు ఆ రిస్క్ తీసుకోవాల్సిన పని లేదు. మిగతావాళ్లు ఎప్పుడో ఒకసారి తాగినందుకు టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సినవి 433, 435, 466. మొదటి రెండూ నూనె, నీరు విడిపోకుండా కలిపే పాలీసార్బేట్లు, మూడోది చిక్కదనం తెచ్చే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్. 433, 466 రెండిటినీ 2015లో ఎలుకల మీద పరీక్షించినప్పుడు పేగులోని బాక్టీరియా అమరిక మారి, స్వల్ప వాపు, బరువు పెరగడం కనిపించాయి. 466ను మనుషులకు కూడా ఇచ్చి చూశారు. రోజుకు 15 గ్రాములు తిన్న వాళ్లలో భోజనం తర్వాత కడుపులో ఇబ్బంది పెరిగింది, బాక్టీరియాలో వైవిధ్యం తగ్గింది. 15 గ్రాములు అన్నది పాల డబ్బాలో వచ్చేదానికి ఎన్నో రెట్లు. కాబట్టి గ్లాసు పాలతో జబ్బు చేస్తుందని దీన్నిబట్టి చెప్పడం తప్పు. కానీ అదే మనిషి ఐస్‌క్రీమ్, బేకరీ కేకు, సాస్, ప్యాకెట్ సూప్ కూడా తింటుంటే ఇవన్నీ కలుస్తాయి. రోజూ తాగే వస్తువులోనైనా వీటిని తగ్గించుకోవడం సబబు. కొబ్బరి పాల డబ్బాల్లో, టిన్నుల్లో 435 తరచుగా కనిపిస్తుంది.

322 అంటే లెసిథిన్, సోయా నుంచో పొద్దుతిరుగుడు నుంచో వచ్చేది. దాని గురించి ఆలోచించడం దండగ.

కాఫీలో విరిగిపోకుండా ఉండటానికి చాలా కంపెనీలు ఫాస్ఫేట్లు కలుపుతాయి. ముఖ్యంగా బరిస్టా అని రాసిన రకాల్లో 340 కనిపిస్తుంది. కాఫీ డికాక్షన్‌లో ఆమ్లం ఉంటుంది, మొక్కల ప్రోటీన్ ఆ ఆమ్లానికి, వేడికి ముద్దకడుతుంది. ఫాస్ఫేట్ ఆ ఆమ్లాన్ని అదుపులో పెడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ మోతాదు పెద్ద విషయం కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఇది చాలా పెద్ద విషయం. పప్పులు, గింజల్లో సహజంగా ఉండే ఫాస్ఫరస్ ఒంటికి కొంతే పడుతుంది, ఇలా ఉప్పు రూపంలో కలిపింది దాదాపు అంతా రక్తంలోకి వెళ్తుంది. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. 340 అంటే పొటాషియం ఫాస్ఫేట్ కాబట్టి పొటాషియం కూడా చేరుతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ల ఇంట్లో 338 నుంచి 343 వరకు, 450 నుంచి 452 వరకు నంబర్లు గుర్తుపెట్టుకోవాలి. ఈ మాట మందుల చీటీ పక్కన రాసి పెట్టుకోదగ్గది.

ఓట్స్ పాలకు మరో మెలిక ఉంది. ఓట్స్‌ను మామూలుగా మిక్సీలో వేస్తే గంజిలా జిగటగా సాగుతుంది. కంపెనీలు ఎంజైములతో ఆ పిండి పదార్థాన్ని విరగ్గొట్టి పలచన చేస్తాయి. విరిగిన పిండి మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది. ఎవరూ పంచదార వేయకపోయినా తియ్యగా ఉంటుంది. పోషకాల పట్టికలో మొత్తం చక్కెరలు, కలిపిన చక్కెరలు అని రెండు వరసలు ఉంటాయి. ఓట్స్ పాలకు మొదటి వరసే చూడాలి. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని పాలకు బదులు గ్లాసులకు గ్లాసులు తాగడం మంచిది కాదు. చిక్కదనం కోసం ఇందులో నూనె కూడా పోస్తారు. నూనె విషం కాదు, కానీ ఓట్స్ పాలు అనుకుని కొన్న వస్తువులో అది రెండో మూడో స్థానంలో ఉంటే తెలిసి కొనాలి.

పంచదార గురించి ఇంతకంటే చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు నష్టం అక్కడే. వెనిల్లా, చాక్లెట్, కుంకుమపువ్వు రుచుల డబ్బాల్లో నీళ్ల తర్వాత రెండో పదార్థం తరచుగా పంచదారే, బాదం మూడోది. పట్టికలో కలిపిన చక్కెర 100 మిల్లీలీటర్లకు 6 గ్రాములు అని ఉంటే, 200 మిల్లీలీటర్ల గ్లాసులో 12 గ్రాములు, అంటే ఇంచుమించు మూడు చెంచాలు. 418 అన్న నంబరు చూసి డబ్బా కింద పెట్టేసిన తల్లి, పక్కనున్న చాక్లెట్ రుచి డబ్బాను జిగురు లేదని పిల్లాడికి కొనిస్తే ఆ పిల్లాడికి మేలు జరిగినట్టు కాదు. పిండి పదార్థాన్ని విరగ్గొట్టి చేసే మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాటికి ఐఎన్ఎస్ నంబరు ఉండదు కాబట్టి నంబర్లు వెతికేవాళ్ల కంటపడవు. పంచదార లేదని రాసి తియ్యగా ఉంటే 955 సుక్రలోజ్, 960 స్టీవియా ఉన్నాయేమో చూడాలి.

ప్రిజర్వేటివ్‌లు లేవు అన్న ముద్రకు మరీ విలువ ఇవ్వక్కర్లేదు. టెట్రా ప్యాక్‌లో పాలు నెలల తరబడి నిలవ ఉండటానికి కారణం రసాయనం కాదు. పాలను 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లు వేడి చేసి, క్రిములు లేని డబ్బాలో గాలి తగలకుండా నింపుతారు. అందుకే దాదాపు ఏ డబ్బాలోనూ ప్రిజర్వేటివ్ అవసరం ఉండదు. మూత తీశాక ఆ రక్షణ పోతుంది. తర్వాత ఫ్రిజ్‌లోనే, డబ్బా మీద రాసినన్ని రోజులే. కొబ్బరి పాల టిన్నులు కొన్నిటిలో మాత్రం 223, 224 లాంటి సల్ఫైట్లు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు వాటిని చూసుకోవాలి.

మన ఊళ్లలో ప్రత్యేకంగా జరిగే పొరపాటు బాదం పాల సీసాలతో. బీసెంట్ రోడ్డులో ఎండన పడి తిరిగినవాళ్లు కూల్‌డ్రింక్ షాపులో తాగే చల్లటి బాదం పాలు పశువుల పాలే, అందులో పంచదార, బాదం పొడి, రంగు కలుస్తాయి. బాదం మిక్స్ పొడి ప్యాకెట్లలోనూ ఎక్కువ భాగం పంచదారే. పసుపు రంగు కోసం 102, 110 వేసినవీ ఉంటాయి. పాల ప్రోటీన్ పడని పిల్లాడికి ఎవరో చుట్టాలు ఆ సీసా ఇచ్చేస్తే ప్రమాదం. నిజమైన మొక్కల పాల డబ్బా మీద ఇప్పుడు పాలు అన్న మాట తక్కువ కనిపిస్తుంది. పాడి పదాలు వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో గట్టిగా చెప్పాక డ్రింక్, బెవరేజ్ అన్న మాటలు వచ్చాయి. ఎప్పటినుంచో అలా పిలుస్తున్న కొబ్బరి పాలకు మినహాయింపు.

పచ్చ చుక్కను నమ్ముకున్నా ఇదే ఇబ్బంది. ఆవు పాలు కూడా శాకాహారమే, వాటికీ పచ్చ చుక్కే. జంతు సంబంధం ఏదీ లేదని తెలిపేందుకు 2022 నిబంధనల్లో వేగన్ గుర్తు వేరేగా వచ్చింది. కొబ్బరి పాల పొడి ప్యాకెట్లు చూస్తే ఆ గుర్తు ఎందుకు అవసరమో తెలుస్తుంది. కొబ్బరిలోని కొవ్వును పట్టి ఉంచి పొడిగా మార్చడానికి చాలా వాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్‌తో పాటు సోడియం కేసినేట్ కలుపుతారు. కేసినేట్ అంటే పాల ప్రోటీనే. పాలు పడనివాళ్లు పులావులోకి ఆ పొడి వాడితే, మానేశామనుకున్నదే మళ్లీ తిన్నట్టు. ఆ గుర్తు లేని ప్యాకెట్ అయితే లేబుల్ చివర అలర్జీ హెచ్చరికలో పాలు అన్న మాట ఉందేమో చూడటమే దారి.

కలిపిన వాటిలో కిడ్నీ జబ్బు లేనివాళ్లకు కావాల్సినవీ ఉన్నాయి. 170 కాల్షియం కార్బొనేట్, 341 కాల్షియం ఫాస్ఫేట్, విటమిన్ డి2, బి12. పదార్థాలు తక్కువ ఉంటే శుభ్రమైన పాలు అన్న ప్రచారం నమ్మి రెండే పదార్థాల బాదం డబ్బా కొన్నవాళ్లకు వీటిలో ఒక్కటీ రాదు. ఆవు పాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గుడ్డు, మాంసం తినని ఇంట్లో పాలు, పెరుగు కూడా మానేస్తే బి12 కోసం వేరే దారి దాదాపు లేదు. అలాంటివాళ్లు బి12, కాల్షియం కలిపిన డబ్బానే కొనాలి, లేదా డాక్టరును అడిగి మాత్రలు వేసుకోవాలి. కాల్షియం పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి పోసే ముందు డబ్బాను బాగా ఊపాలి. ఊపకుండా పోస్తే కాల్షియం చాలావరకు డబ్బాలోనే ఉండిపోతుంది.

అదనపు పదార్థాలు ఏవీ వద్దంటే ఇంట్లో చేసుకోవడమే తేలిక. మన దగ్గర దీనికి కావాల్సినవి కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. విజయవాడ వన్‌టౌన్ పచారీ కొట్లలోనో, గుంటూరు పట్నం బజారులోనో సోయా గింజలు, వేరుశనగ గుళ్లు, నువ్వులు, రాగులు విడిగా దొరుకుతాయి. కొబ్బరికాయకు కొదవే లేదు. బాదం కంటే వీటి మీద దృష్టి పెట్టడం మంచిది. ధర తక్కువ, కొన్నిటిలో బలమూ ఎక్కువ.

సోయా పాలు చేయడం కష్టం కాదు గానీ పద్ధతి తెలియకపోతే పచ్చి వాసనకు ఇంట్లో ఎవరూ ముట్టరు. లీటరు పాలకు 100 నుంచి 125 గ్రాముల గింజలు రాత్రంతా నానబెట్టాలి. వేసవిలో అయితే నానబెట్టిన గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే తెల్లారేసరికి పులుస్తుంది. పొద్దున్నే గింజలను చేత్తో నలిపితే పొట్టు ఊడి పైకి తేలుతుంది, దాన్ని వంపేయాలి. పచ్చి వాసనకు కారణం గింజలోని ఒక ఎంజైము. గింజ నలిగి చల్లటి నీళ్లు తగిలిన క్షణం నుంచి అది నూనె మీద పనిచేయడం మొదలుపెడుతుంది. అందుకని గింజలను ముందు మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, వేడి నీళ్లతోనే రుబ్బాలి. మిక్సీ జార్ సగం కంటే ఎక్కువ నింపకూడదు, మూత కాస్త వదులుగా పెట్టి గుడ్డ అడ్డం పెట్టాలి, ఆవిరికి మూత ఎగిరిపోతుంది. వడకట్టిన పాలను పెద్ద గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాలి. పెద్ద గిన్నె ఎందుకంటే, పాలు నిజంగా మరగకముందే నురగ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆవు పాలు పొంగినట్టే కనిపిస్తుంది కాబట్టి కాగాయని దించేస్తారు. దించకూడదు. మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు మరగనివ్వాలి. పచ్చి సోయాలో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి, ఆ మరుగుకే అవి చాలావరకు పోతాయి. చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం, రెండు ఏలకులు వేస్తే పిల్లలు తాగుతారు. బెల్లం పాలు కాస్త చల్లారాక కలపాలి. మిగిలిన పిప్పిని గారెల పిండిలోనో చపాతీ పిండిలోనో కలుపుకోవచ్చు.

వేరుశనగ పాలు ఇంతకంటే సులువు. దోరగా వేయించి పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, వడకట్టి కాచుకోవడమే. ఇక్కడ జాగ్రత్త గింజ ఎంపికలో ఉంది. బూజు పట్టిన, నల్లబడిన, ముడతలు పడిన గుళ్లలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండే అవకాశం ఎక్కువ. అది లివర్‌ను దెబ్బతీస్తుంది, మామూలుగా కాస్తే పోదు. మన వానాకాలపు తేమలో తడిసిన బస్తా గింజలు చవగ్గా వస్తున్నాయని తీసుకోకూడదు. కొన్నవాటిని పళ్లెంలో పోసి ఏరి, అనుమానం ఉన్న ప్రతి గింజా పారేయాలి. జిగురు నంబర్లకు పడే భయంలో పదో వంతు దీనికి పడినా మేలు.

రాగి పాలు మన పెద్దవాళ్లకు తెలిసినవే. నానబెట్టి మొలకెత్తించిన రాగులను రుబ్బి పాలు తీసి కాస్తే, అందులోని పిండి ఉడికి తనంతట తానే చిక్కబడుతుంది. బయటి జిగురు అవసరం లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అయితే వడకట్టినప్పుడు కొంత పిప్పిలో పోతుంది. కొబ్బరి పాలు కూరకు, పాయసానికి, పులావుకు మంచివి. గ్లాసుడు తాగే పాలకు బదులుగా వాటిని లెక్కేయడం పొరపాటు, ప్రోటీన్ తక్కువ, కొవ్వు ఎక్కువ.

ఇంట్లో చేసిన ఏ పాలకూ టెట్రా ప్యాక్ రక్షణ ఉండదు. మే నెలలో బెజవాడలో 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు బల్ల మీద మరచిపోయిన బాదం పాలు పూట కూడా ఆగవు. చేసిన వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో వాడేయాలి. కరెంటు ఎక్కువసేపు పోయిన రోజు మిగిలినవి పారబోయడమే నయం. కాచనివి పిల్లలకు ఇవ్వకపోవడం మంచిది.

కాఫీ, టీ దగ్గర చాలామంది మళ్లీ గేదె పాలకే వెళ్లిపోతారు, విరిగిపోతున్నాయని. చల్లటి పాలను మరిగే డికాక్షన్‌లో పోస్తే విరిగే అవకాశం ఎక్కువ. పాలను విడిగా గోరువెచ్చగా చేసి, డికాక్షన్ కాస్త చల్లారాక దాన్నే కొద్దికొద్దిగా పాలలో పోస్తే ఫాస్ఫేట్ లేని పాలు కూడా చాలావరకు నిలుస్తాయి. టీని పాలతో కలిపి గలగలా మరిగించే మన పద్ధతి బాదం పాలకు నప్పదు. డికాక్షన్ విడిగా కాచుకోవాలి. ఈ పనికి సోయా, ఓట్స్ మెరుగు.

మారే ముందు అసలు అవసరం ఉందా అన్నది కూడా చూసుకోవాలి. పాలలోని లాక్టోజ్ అరగనివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి, ఎందుకంటే తోడు పెట్టినప్పుడు కొంత లాక్టోజ్ పులిసిపోతుంది. లాక్టోజ్ లేని ఆవు పాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లకు ఈ రెండూ పనికిరావు. ఏడాది లోపు పిల్లలకు ఇంట్లో చేసినవైనా, డబ్బావైనా మొక్కల పాలు తల్లి పాలకు గానీ ఫార్ములాకు గానీ బదులు కావు. అలర్జీ ఉంటే ఏ ఫార్ములా అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకు, సోయా పాలకు మధ్య కొన్ని గంటల ఎడం ఉంచుకోవాలి, సోయా ఆ మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు రోజూ బాదం పాలు తాగే అలవాటు చేసుకునే ముందు డాక్టరుతో మాట్లాడాలి, బాదంలో ఆక్సలేట్ ఎక్కువ.